మీ కుక్క లావవుతోందా? ముందు ఇంట్లో చేతులు లెక్కపెట్టండి

మా బ్రూనో లాబ్రడార్. ఆరో ఏట టీకా కోసం తీసుకెళ్లినప్పుడు డాక్టర్ తూకం వేస్తే 41 కిలోలు వచ్చాడు. వాడి కాఠీకి 32 ఉంటే చాలట. "ఏం పెడుతున్నారు?" అని అడిగారు. "పొద్దున రెండు కప్పులు, రాత్రి రెండు కప్పులు డ్రై ఫుడ్, అంతే సార్" అని ధీమాగా చెప్పాను. అబద్ధం కాదు. నేను పెట్టేది అంతే. మా నాన్న ఏం పెడుతున్నారో, మా ఆవిడ ఏం పెడుతోందో, పాప కంచంలోంచి కిందికి ఎంత జారుతోందో ఆ రోజు వరకూ నాకు పట్టలేదు.

వాడు 33 కిలోలకు రావడానికి పది నెలలు పట్టింది. మేం చేసిన పని చేసిన వరుసలోనే చెబుతాను. మీది పగ్ అయినా, వీధిలోంచి తెచ్చుకున్న నాటు కుక్క అయినా వరుస ఇదే. అంకెలే మారతాయి.

1. చేత్తో చూడండి

రోజూ చూసే కుక్క లావైన సంగతి కంటికి ఆనదు. పైగా ఇంటికొచ్చినవాళ్లంతా "బొద్దుగా భలే ఉందే" అంటుంటారు. మనం పొమేరియన్ అని పిలుచుకునే తెల్ల బొచ్చు కుక్కల్లో అయితే ఒళ్లెంతో, బొచ్చెంతో ఎవరికీ తెలియదు.

అందుకే కుక్కను నిలబెట్టి రెండు చేతులూ పక్కటెముకల మీద పెట్టి, నొక్కకుండా నిమరండి. ఎలా తగలాలో తెలుసుకోవడానికి మీ చెయ్యే కొలబద్ద. ఎడమ చెయ్యి చాపి, దాని వెనక వైపు వేళ్ల ఎముకల మీద కుడి చేతి వేళ్లతో రాయండి. పైన పల్చటి పొర, కింద ఎముక స్పష్టంగా తెలుస్తాయి. పక్కటెముకలు ఇలా తగిలితే బరువు సరిగ్గా ఉంది. ఇప్పుడు చెయ్యి తిప్పి అరచేతి వైపు, వేళ్ల మొదళ్ల దగ్గర రాయండి. ఎముక కోసం నొక్కి వెతకాలి. కుక్క పక్కలు ఇలా ఉంటే లావు. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా గుచ్చుకుంటే మాత్రం బక్కచిక్కిందని.

తర్వాత పైనుంచి చూడండి. పక్కటెముకలు దాటాక నడుము లోపలికి తగ్గాలి. పక్కనుంచి చూస్తే ఛాతీ అయిపోయిన చోటి నుంచి పొట్ట పైకి ఎక్కుతూ పోవాలి. పైనుంచి బియ్యం బస్తాలా, పక్కనుంచి బల్లలా కనిపిస్తే పని ఉన్నట్టే. పశువైద్యులు ఇదే పరీక్ష చేసి 1 నుంచి 9 దాకా మార్కు వేస్తారు. 4 లేదా 5 వస్తే మంచిది. 5 దాటాక ఒక్కో మార్కూ ఉండాల్సిన బరువు కంటే సుమారు 10 నుంచి 15 శాతం ఎక్కువని లెక్క. బ్రూనోకి 7 వేశారు.

ఇంట్లో తూకం వేయడం కష్టం కాదు. కుక్కను ఎత్తుకుని బాత్రూమ్ వెయింగ్ మెషీన్ ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి, తీసివేయండి. 41 కిలోలవాణ్ని ఎత్తడం నావల్ల కాలేదు. రెండు వారాలకోసారి క్లినిక్‌కే తీసుకెళ్లేవాణ్ని. తూకానికి మాత్రమే వస్తే డబ్బులు అడగని క్లినిక్‌లు చాలానే ఉన్నాయి.

2. తిండి తగ్గించే ముందు డాక్టర్‌కి చూపించండి

ఈ మెట్టు దాటేయకండి. లావుకి తిండి, బద్ధకం మాత్రమే కారణం కాకపోవచ్చు. థైరాయిడ్ తగ్గినా, కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు వచ్చినా కుక్క ఒళ్లు మారిపోతుంది. దురదకి స్టెరాయిడ్లు వాడుతున్నా, ఫిట్స్‌కి ఫినోబార్బిటాల్ వేస్తున్నా ఆకలి పెరుగుతుంది. అలాగని ఆ మందులు మీ అంతట మీరు ఆపకూడదు. ఇన్సులిన్ తీసుకునే కుక్కకి డాక్టర్ చెప్పకుండా తిండి మార్చడం ప్రమాదం. కూనలకు, కడుపుతో ఉన్నవాటికి, పాలిచ్చే తల్లులకు బరువు తగ్గించే ప్రయత్నమే వద్దు. ఇంకొకటి: ఒళ్లంతా మామూలుగా ఉండి పొట్ట ఒక్కటే కొన్ని రోజుల్లో ఉబ్బితే అది కొవ్వు కాకపోవచ్చు, లోపల నీరు చేరి ఉండొచ్చు. అలాంటప్పుడు ఈ వ్యాసం పక్కన పెట్టి వెంటనే బయల్దేరండి.

డాక్టర్ దగ్గర ఒక్క అంకె మాత్రం అడిగి రాసుకోండి: మీ కుక్క ఉండాల్సిన బరువెంత? జాతికి ఇంత అని నెట్‌లో దొరికే పట్టీ పనికిరాదు. ఒకే ఈతలో పుట్టిన రెండు లాబ్రడార్లకే కాఠీ ఒకలా ఉండదు.

ఏ కుక్కలకు ముప్పు ఎక్కువ?

లాబ్రడార్, బీగిల్, పగ్, గోల్డెన్ రిట్రీవర్, కాకర్ స్పానియల్, డాక్స్‌హండ్ జాతులు సులువుగా లావెక్కుతాయి. లాబ్రడార్ల ఆకలి మీద 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లేకపోవడం వల్ల కడుపు నిండినట్టు చెప్పే సంకేతం కొన్ని లాబ్రడార్లకు సరిగ్గా అందదు. సుమారు నాలుగింట ఒక లాబ్రడార్‌లో ఈ తేడా ఉంది. అంటే తిన్న పది నిమిషాలకే మళ్లీ వచ్చి మీ మోకాలి మీద తల పెట్టే కుక్క నాటకం ఆడుతోందని అనుకోనక్కర్లేదు, దానికి నిజంగానే ఆకలి వేస్తూ ఉండొచ్చు. కానీ ఆ ఆకలికీ ఒంటి అవసరానికీ సంబంధం లేదు. ఈ రెండు మాటలూ ఒకేసారి గుర్తుపెట్టుకోవడం నాకైతే చాలా కష్టమైంది.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కకి శక్తి అవసరం సుమారు 20 నుంచి 30 శాతం తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. బ్రిటన్‌లో 1986లో అచ్చయిన ఒక పెద్ద సర్వేలోనే లావెక్కిన ఆడకుక్కల శాతం ఆపరేషన్ కానివాటిలో కంటే అయినవాటిలో దాదాపు రెట్టింపని తేలింది. అలాగని ఆపరేషన్ మానొద్దు. కుట్లు విప్పించుకుని వచ్చిన రోజు నుంచే గిన్నె కాస్త తగ్గించండి. మా ఇంట్లో ఆ పని జరగలేదు. "పాపం ఆపరేషన్ అయింది, నీరసంగా ఉంటాడు" అని నెల రోజులు ఎక్కువ పెట్టాం.

నాటు కుక్కలకు లావు రాదనుకోవడం పొరపాటు. వీధిలో రోజంతా తిరిగి, దొరికిన రోజు తిని, దొరకని రోజు పస్తున్న కుక్క ఫ్లాట్‌లోకి వచ్చి రెండు పూటలా తిని సోఫా మీద పడుకుంటే ఏడాదిలో గుండ్రంగా తయారవుతుంది. దొరికినప్పుడే తినేయాలన్న అలవాటు దాన్ని వదలదు.

3. వారం రోజులు రాయండి

ఇంకా ఏమీ తగ్గించకండి. ఫ్రిజ్ మీద ఒక కాగితం, పక్కన పెన్ను పెట్టండి. కుక్క నోట్లోకి వెళ్లిన ప్రతిదీ ఎవరు పెడితే వాళ్లు రాయాలి. ముఖ్యమైన షరతు: ఆ వారం ఎవరూ ఎవర్నీ ఏమీ అనకూడదు. అంటే దాచేస్తారు.

మా కాగితంలో ఒక మామూలు మంగళవారం ఇలా తేలింది. పొద్దునా సాయంత్రం టీ టైమ్‌లో మా నాన్న చేతి నుంచి రెండేసి గ్లూకోజ్ బిస్కెట్లు: ఒక్కోటి సుమారు 20 క్యాలరీలు, మొత్తం 80. రాత్రి మా ఆవిడ పెట్టే చపాతీ 100, దానికి రాసిన చెంచాడు నెయ్యి 45. పాప వదిలేసిన పెరుగన్నం రెండు గుప్పిళ్లు, సుమారు 115. పనికొచ్చే అక్క వాడి గిన్నెలో పోసే గ్లాసుడు టోన్డ్ పాలు, ఇంకో 120. కలిపితే 460. బరువు తగ్గడానికి వాడికి రోజంతటికీ కావాల్సింది 940 చిల్లర అని తర్వాత లెక్కలో తేలింది. అందులో సగం నేను "గిన్నె" అనుకుంటున్న దానికి బయటే నడుస్తోంది. వాచ్‌మన్ పెట్టే బన్ను ముక్క సంగతి ఇందులో లేదు, అది రెండు వారాల తర్వాత బయటపడింది.

ఒక్కొక్కరి వైపు నుంచి చూస్తే ఏ ఒక్కటీ ఎక్కువ కాదు. అయిదుగురు కలిసి చేసిన పని ఇది, అందులో ఎవరి తప్పూ కనపడదు. అదే 8 కిలోల పగ్ అయితే మా నాన్న పెట్టే నాలుగు బిస్కెట్లే దాని రోజు కోటాలో నాలుగో వంతు తినేస్తాయి. చిన్న కుక్క ఉన్నవాళ్లు ఈ లెక్క రెండుసార్లు చదవండి.

4. రోజుకి ఎంత కావాలో లెక్క వేయండి

ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. కుక్క ఉండాల్సిన బరువు తీసుకోవాలి, ఇప్పుడున్న బరువు కాదు. ఆ అంకెను మూడుసార్లు వేసి గుణించండి. వచ్చినదానికి వర్గమూలం, దానికి మళ్లీ వర్గమూలం తీయండి. చివర 70తో గుణించండి. మా లెక్క: 32 × 32 × 32 అంటే 32,768. వర్గమూలం 181. మళ్లీ వర్గమూలం 13.45. డెబ్భైతో గుణిస్తే 942 క్యాలరీలు. 5 కిలోల కుక్కకి 234, 8 కిలోలకి 333, 10 కిలోలకి 394, 20 కిలోలకి 662 వస్తాయి.

ఏ పనీ చేయకుండా పడుకున్నా ఒంటికి కావాల్సిన శక్తి ఇది. లావు తగ్గించడానికి పశువైద్యులు సాధారణంగా ఇక్కడి నుంచే మొదలుపెడతారు. మీ డాక్టర్ కొంచెం ఎక్కువో తక్కువో చెబితే ఆయన మాటే వినండి, కుక్కను చూసినవారు ఆయన. బరువు సరిగ్గా ఉన్న, ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకి దీనికి 1.6 రెట్లు అని పుస్తకాల్లో ఉంటుంది గానీ, ఫ్లాట్‌లో పడుకునే కుక్కలకు చాలాసార్లు 1.2, 1.4 రెట్లే సరిపోతుంది.

ఆ కోటాలో పది శాతం దాటకుండా చిరుతిళ్లకు పక్కన పెట్టండి. మావాడికి 94. మిగతా 848 గిన్నెకి.

ఇక కొలత. కప్పుతో కొలవడం మానేసి వంటింటి డిజిటల్ త్రాసు కొనండి. నేను అదే కప్పుతో అయిదుసార్లు తీసి తూచాను: ఒకసారి 95 గ్రాములు, ఇంకోసారి 118. డ్రై ఫుడ్ చాలావరకు 100 గ్రాములకు 350 నుంచి 400 క్యాలరీల మధ్య ఉంటుంది. ప్యాకెట్ మీద సరైన అంకె లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో వెతకండి. ప్యాకెట్ వెనకున్న పట్టీలో కుక్క ఇప్పటి బరువు చూసి గ్రాములు తీసుకుంటే లావు కుక్కకి లావుకి తగ్గట్టే పెట్టినట్టవుతుంది.

5. రోజు డబ్బా

ఈ మొత్తంలో ఒక్క పనే చేయగలనంటే ఇది చేయండి.

పొద్దున్నే చిన్న స్టీలు డబ్బాలో ఆ రోజు చిరుతిళ్లన్నీ వేసి వంటింటి గట్టు మీద పెట్టండి. ఇంట్లో ఎవరు, ఎప్పుడు, ఎందుకు పెట్టాలన్నా అందులోంచే. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అయిపోయినట్టే. కొందరు గిన్నె తిండిలోంచే గుప్పెడు తీసి డబ్బాలో వేస్తారు, అది ఇంకా మంచి పద్ధతి.

మా డబ్బాలో ఏముండేదంటే: ఒక్కటంటే ఒక్క గ్లూకోజ్ బిస్కెట్ నాలుగు ముక్కలుగా, క్యారెట్ చక్రాలు, కీరా ముక్కలు, ఉడికించిన బీన్స్, గోరంత చికెన్ ముక్కలు. కుక్క ఎన్నిసార్లు వచ్చిందో చూస్తుంది గానీ ఎంత వచ్చిందో తూచదు. పావు బిస్కెట్‌కి ఊగిన తోకే నిండు బిస్కెట్‌కీ ఊగుతుంది.

మా నాన్నతో మాత్రం అంత సులువు కాలేదు. "నోరులేని జీవం, అట్లా చూస్తుంటే మనకి ముద్ద దిగుతుందా?" అనేవారు. కోప్పడితే పని జరగదని నాకు తెలుసు. ఒక సాయంత్రం ఆయన పక్కన కూర్చుని అమెరికాలో చేసిన ఒక పరిశోధన గురించి చెప్పాను. 48 లాబ్రడార్లను జతలుగా విడదీసి, జతలో ఒకదానికంటే రెండోదానికి 25 శాతం తక్కువ తిండి జీవితాంతం పెట్టారు. 2002లో ఫలితాలు వచ్చాయి. ఎక్కువ తిన్న జట్టులో సగం కుక్కలు 11.2 ఏళ్లకే పోయాయి. తక్కువ తిన్న జట్టులో సగం పోవడానికి 13 ఏళ్లు పట్టింది. కీళ్ల నొప్పులకు మందులు మొదలుపెట్టాల్సిన వయసు కూడా వెనక్కి జరిగింది. ఎక్కువ తిన్నవి కూడా పీపాల్లా ఏమీ లేవు, కాస్త లావు, అంతే. ఆయన విని, "అంటే నేను పెట్టే బిస్కెట్ దాని ఆయుష్షులోంచి తీస్తున్నానన్నమాట" అన్నారు. నేను అంత మాట అనలేదు. మర్నాటి నుంచి డబ్బా నింపే పని ఆయనే తీసుకున్నారు.

ఇది చిట్కాగానే చెబుతున్నాను: ఇంట్లో ఎవరు ఎక్కువ పెడుతున్నారో వాళ్లకే డబ్బా అప్పజెప్పండి.

బయటివాళ్లకు చెప్పడం మొహమాటంగా ఉంటే "కడుపు బాగాలేదు, డాక్టర్ వద్దన్నారు" అనండి. వాచ్‌మన్‌కి నేను అదే చెప్పాను. "లావుంది" అంటే ఎవరూ వినరు, "జబ్బు" అంటే వింటారు.

6. గిన్నెలో ఏం మారాలి

బరువు తగ్గాలని మామూలు డ్రై ఫుడ్‌ని సగానికి సగం కోసేయకండి. క్యాలరీలతో పాటు ప్రొటీన్, విటమిన్లు, ఖనిజాలు కూడా సగమైపోతాయి. కొవ్వు కరగాల్సిన చోట కండ కరుగుతుంది. ఎక్కువ తగ్గించాల్సిన కుక్కకి డాక్టర్లు బరువు తగ్గడానికే చేసిన ఆహారం రాస్తారు. అందులో ప్రొటీన్, పీచు ఎక్కువ, క్యాలరీలు తక్కువ. ధర ఎక్కువే, దాచడం ఎందుకు. పాత తిండిలో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ వారం రోజుల్లో మార్చండి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి.

ఇంటి తిండి పెట్టేవాళ్లది వేరే కథ. మన ఇళ్లలో కుక్క తిండి అంటే పెరుగన్నం, పాలన్నం, ఆదివారం చికెన్ నీళ్లు కలిపిన అన్నం. అన్నం విషం కాదు. 100 గ్రాముల అన్నంలో 130 క్యాలరీల దాకా ఉంటాయి, ప్రొటీన్ మాత్రం మూడు గ్రాములకు లోపే. కుక్క గిన్నెలో మనం వేసే అన్నం 400 గ్రాములకు తక్కువ ఉండదు, ఒకసారి తూచి చూడండి. ఆ అన్నాన్ని మూడో వంతుకి దించి, ఆ చోటులో ఉడికించిన సొరకాయ, బీరకాయ, గుమ్మడి, బీన్స్ వేయండి. తోలు తీసిన చికెన్, ముళ్లు తీసిన చేప, గుడ్డు పెంచండి. నూనె, నెయ్యి, ఉప్పు, కారం ఏవీ వద్దు. కానీ ఎంత బాగా వండినా ఇంటి తిండిలో కాల్షియం, కొన్ని ఖనిజాలు చాలవు. పశువైద్యుడి చేత కొలతలు, సప్లిమెంట్లు రాయించుకోవాల్సిందే.

మిగిలిన కూరలు పెట్టే అలవాటు లావుకే కాదు, ప్రాణానికీ ముప్పు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి, మన ఏ కూరలో అవి లేవు? పాయసంలో, చక్కెర పొంగలిలో కనిపించే కిస్‌మిస్, ద్రాక్ష మూత్రపిండాలకు ప్రమాదం. చాక్లెట్, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న షుగర్‌లెస్ చూయింగ్ గమ్ దగ్గరికే రానీయకండి. ఉడికిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. కొవ్వు ఎక్కువున్న తిండి ఒక్క పూట పెట్టినా కొన్ని కుక్కలకు క్లోమం వాచి ఆసుపత్రి పాలవుతాయి. పండగ మర్నాడు వాంతులతో క్లినిక్‌కి వచ్చే కుక్కల్ని చూస్తే ఈ మాట అర్థమవుతుంది.

రోజు కోటాను రెండు పూటలకు బదులు మూడుగా విడదీస్తే అడుక్కోవడం తగ్గుతుంది. గిన్నెలో పోసే బదులు పాత తువ్వాలు మడతల్లో దాచండి, గది నిండా చల్లండి. రెండు నిమిషాల్లో మింగేసేది ఇరవై నిమిషాలు వెతుక్కుంటూ తింటుంది. వేళ కాని వేళ వచ్చి చూస్తే వెంటనే డబ్బా తీయకండి. ముందు రెండు నిమిషాలు బంతి ఆడించండి, చెవుల వెనక గోకండి. చాలాసార్లు అది అడిగింది మిమ్మల్నే.

7. నడక

లిఫ్ట్‌లో దిగి, గేటు పక్కన స్తంభం దగ్గర కాలెత్తి, మళ్లీ లిఫ్ట్ ఎక్కితే అది వాకింగ్ కాదు, బాత్రూమ్. మేం మూడేళ్లు దాన్నే వాకింగ్ అనుకున్నాం.

అదే సమయంలో నడక మీద అతిగా ఆశ పెట్టుకోకండి. తిండి సరిచేయకుండా నడిపించడం వల్ల తగ్గే బరువు చాలా తక్కువ. నడక కండను నిలబెడుతుంది, కీళ్లను కదిలిస్తుంది, విసుగుతో అడుక్కునే తిండిని ఆపుతుంది.

లావు కుక్కని మొదటి రోజే పరుగెత్తించవద్దు. పది నిమిషాలు, పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి. అలసట లేకుండా ఉంటే వారానికి అయిదు నిమిషాల చొప్పున పెంచండి. రోజుకి మొత్తం 45 నిమిషాల నుంచి గంట దాకా చేరితే చాలామందికి సరిపోతుంది. మొదటి కొన్ని నిమిషాలు వాసనలు చూడనివ్వండి, అది దానికి పేపర్ చదువుకోవడం లాంటిది. ఆ తర్వాత ఆగకుండా కాస్త చురుగ్గా నడవాలి. కుంటినా, మర్నాడు లేవడానికి ఇబ్బంది పడినా వెనక్కి తగ్గి డాక్టర్‌కి చూపించండి. మోకాలి లిగమెంట్ తెగడం లావు కుక్కల్లో ఎక్కువ. మెట్లు ఎక్కించడం, బంతి కోసం గాల్లోకి ఎగరడం బరువు తగ్గేదాకా వద్దు. ఇంట్లో గ్రానైట్, టైల్స్ ఉంటే అది తిరిగే దారిలో పాత చాపలు, పట్టాలు పరచండి. జారుతుందన్న భయంతోనే కదలడం మానేసే కుక్కలున్నాయి.

మాది విజయవాడ. ఇక్కడ నడక గురించి మాట్లాడాలంటే ఎండ గురించి మాట్లాడాల్సిందే. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున అయిదింటికి బందరు కాలువ గట్టు మీద ఉండేవాళ్లం, ఆరున్నరకల్లా ఇంట్లో. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో సాయంత్రం నడక పూర్తిగా మానేసి, హాల్లోనే తువ్వాలు ఆట, దాగుడుమూతలు. చీకటి పడ్డాక కూడా తారు రోడ్డు చల్లారదు. అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టండి. మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది.

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూ వేడి దించుకుంటుంది. లావు దానికి అడ్డం. ముక్కు చప్పిడిగా ఉండే పగ్, బుల్‌డాగ్‌లకు ఊపిరే కష్టం, లావు తోడైతే మరీ ప్రమాదం. 2003లో పగ్ కనిపించే హచ్ మొబైల్ కంపెనీ ప్రకటన వచ్చాక మన ఊళ్లన్నింటికీ పగ్‌లు వచ్చేశాయి గానీ మన ఎండలు వాటికి సరిపడవు. నడకలో ఆగకుండా రొప్పడం, చిగుళ్లు ఎర్రబారడం, చొంగ చిక్కగా కారడం, తూలడం కనిపిస్తే అక్కడే నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా చల్లటి కుళాయి నీళ్లు పోయండి, గాలి తగలనివ్వండి. చల్లబరుస్తూనే క్లినిక్‌కి తీసుకెళ్లండి.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో కుక్కల కోసమే తెరిచిన పార్కు ఉంది. వైజాగ్ వాళ్లకు బీచ్ ఉంది. మాకు కాలువ గట్టు. అది కూడా లేనివాళ్లు మేడ మీద పొద్దున్నే తిప్పొచ్చు, పిట్టగోడ ఎత్తుగా ఉంటేనే.

8. తూకం ఏం చెబుతోంది?

రెండు వారాలకోసారి, అదే మెషీన్ మీద, పొద్దున తిండికి ముందు. వారానికి ఒంటి బరువులో ఒకటి నుంచి రెండు శాతం తగ్గితే సరైన వేగం. 41 కిలోల కుక్కకి 400 నుంచి 800 గ్రాములు. 10 కిలోల కుక్కకి 100 నుంచి 200. అంతకంటే వేగంగా పడిపోతే తిండి కొంచెం పెంచండి. నీరసం, వాంతులు ఉంటే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

మొదటి రెండు నెలలు భలే తగ్గుతుంది. మూడో నెలలో ముల్లు కదలదు. మావాడు 37 దగ్గర అయిదు వారాలు కూర్చున్నాడు, నేను త్రాసు పాడైందనుకున్నాను. అలాంటప్పుడు ముందు ఫ్రిజ్ మీద కాగితం మళ్లీ పెట్టండి. మా ఇంట్లో పాప ఫ్రెండ్స్ సెలవులకు వచ్చి చిప్స్ పెడుతున్నారని అప్పుడే తెలిసింది. కాగితం శుభ్రంగా ఉండి కూడా మూడు, నాలుగు వారాలు కదలకపోతే గిన్నెలో 5 నుంచి 10 శాతం తగ్గించి చూడండి. అప్పటికీ లేకపోతే రక్తపరీక్ష అడగండి.

ఉండాల్సిన బరువు వచ్చాక ఒక్కసారిగా పాత గిన్నెకి వెళ్లకండి. రెండు వారాలకోసారి పది శాతం చొప్పున పెంచుతూ, బరువు ఎక్కడ నిలకడగా ఉంటే అక్కడ ఆపండి. ఒకసారి లావైన కుక్క మళ్లీ లావవడానికి ఎక్కువ కాలం పట్టదు, నెలకోసారి తూకం తప్పదు. బ్రూనోకి ఇప్పుడు రోజుకి 1,150 క్యాలరీల దగ్గర కుదిరింది, డబ్బాతో కలిపే.

ఊరెళ్లేటప్పుడు మాత్రం జాగ్రత్త. సంక్రాంతికి వాణ్ని మా పిన్ని వాళ్లింట్లో వదిలి వెళ్తే అయిదు రోజుల్లో ఒకటిన్నర కిలో పెరిగి వచ్చాడు. అరిసెలు ఎవరు పెట్టారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు. అందుకే ఇప్పుడు ఎన్ని రోజులకు వెళ్తే అన్ని జిప్ కవర్లు. ఒక్కో కవర్లో ఒక రోజు తిండి తూచి, చిరుతిళ్లు చిన్న పొట్లంగా కట్టి, పైన తేదీ రాసి ఇస్తున్నాం. కవర్ల మీద తేదీలు రాసేది మా నాన్నే.